రాయని రూలు

యూరియా అంటే మన గోదావరి డెల్టాలో తెలియనివాళ్లుండరు. దాళ్వా నాట్లు పడ్డాయంటే ఇంటింటా దాని మాటే. అదే యూరియా మన ఒంట్లోనూ రోజూ తయారవుతూంటుందంటే మాత్రం కొందరు నమ్మరు. తిన్న పప్పులోని మాంసకృత్తులు ఒంట్లో విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో బయటికి పంపించేస్తుంది. ఒకదాని వెంట ఒకటి జరిగి, మళ్లీ మొదటికే వచ్చే ఆ మార్పుల వరసకి యూరియా చక్రమని పేరు. ఒంట్లో తిరిగే ఆ చక్రాన్ని ప్రయోగశాలలో తిప్పి చూపించిన రసాయన శాస్త్రజ్ఞురాలు దర్శన్ రంగనాథన్.

ఆవిడ 1941 జూన్ 4న ఢిల్లీలో పుట్టారు. 1967లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే డాక్టరేటు తీసుకున్నారు. గురువు టి.ఆర్. శేషాద్రిగారు మనకి పరాయివారేం కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాఖను పెంచి పెద్దచేసి, 1949లో ఢిల్లీ వెళ్లినవారు. చదువయ్యాక దర్శన్ మిరాండా కాలేజీలో పాఠాలు చెప్పారు. లండన్ వెళ్లి, 1969లో నోబెల్ బహుమతి పొందిన బార్టన్ దగ్గర పరిశోధన చేశారు. ఇంత చదివి, 1970లో పెళ్లి చేసుకుని కాన్పూరు కాపురానికి వచ్చారు. భర్త రంగనాథన్ గారు అక్కడి ఐ.ఐ.టి.లో రసాయన శాస్త్ర ఆచార్యులు.

చిక్కంతా అక్కడే వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఒకేచోట అధ్యాపకులుగా ఉండకూడదని ఆ సంస్థలో ఓ రూలు ఉండేది. ఏ పుస్తకంలోనూ రాసిలేని రూలు! అందుకని ఆవిడకి ఉద్యోగం లేదు. పని మాత్రం ఆవిడ మానలేదు. ఏవో ఫెలోషిప్పుల మీద, ఇరవయ్యేళ్లకు పైగా, సొంతానికంటూ ఓ కుర్చీ లేకుండా పరిశోధన చేశారు.

ఈ కథ వినగానే మనం ఏమంటాం? "ఎంత ఓపికమ్మా!" అంటాం. అని ఊరుకుంటాం. నా బాధల్లా ఆ ఊరుకోవడం గురించే.

రాజమండ్రిలో మా పక్కింటి పిన్నిగారు లెక్కల్లో ఎమ్మే చేశారు. బాబాయిగారు పనిచేసే కాలేజీలోనే ఖాళీ ఉందని తెలిసి వెళితే, "ఇంటికో జీతం చాలదూ?" అన్నార్ట. ఆ కాలేజీ పేరెందుకులెండి. తర్వాత ఆవిడ అరుగు మీద కూర్చుని వీధిలో పిల్లలందరికీ ఊరికే లెక్కలు చెప్పారు. ఓసారి నేను ఆవిడ ఓపికని తెగ మెచ్చుకుంటూంటే పిన్నిగారు నవ్వి, "ఓపిక నాదేనే అమ్మాయ్. పట్టమన్నది మాత్రం నేను కాదు" అన్నారు.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఓపిక గొప్పదే, కాదనను. కానీ ఒకరి ఓపికని పొగిడేటప్పుడు, దాన్ని అవసరం చేసినవాళ్ల సంగతి కూడా అడగాలి కదా? అడక్కపోతే మన పొగడ్తే ఆ అన్యాయానికి రశీదయి కూచుంటుంది.

దీనికో ఎదురువాదం ఉంది. ఉద్యోగమిస్తే క్లాసులూ, కమిటీలూ, పరీక్ష పేపర్లూ ఆవిడ పొద్దంతా మింగేసేవి, ఏ బాదరబందీ లేబట్టే అంత పని చేయగలిగింది అంటారు. సరే, ఒప్పుకుందాం. మరి అంత మేలైన స్వేచ్ఛని మొగుళ్లకి ఎందుకివ్వరో? పెళ్లాం ఉద్యోగం చేస్తోంది, నువ్వు హాయిగా పదవి లేకుండా పరిశోధన చేసుకో నాయనా అని ఏ మగవాడితోనైనా అన్నట్టు మీరు విన్నారా?

చివరికి దర్శన్ గారికి కుర్చీ దొరికింది. 1998లో హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకి ఉపసంచాలకురాలిగా వచ్చారు. 1999లో మూడో ప్రపంచ దేశాల విజ్ఞాన అకాడమీ బహుమతి వచ్చింది. అప్పటికే రొమ్ము క్యాన్సరు ఆవిడని పట్టుకుంది. 2001 జూన్ 4న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజు నాడు కన్నుమూశారు. ఎదురుచూసింది ఇరవయ్యేళ్ల పైమాట, ఇక్కడ కుర్చీలో కూర్చున్నది మూడేళ్లు.

మన ఆడపిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు రెండు సగాలూ చెప్పాలి. ఆవిడ సాధించింది చెప్పి, ఆవిడకి ఇవ్వనిది దాచేస్తే, "చూశావా, ఆవిడ సర్దుకోలేదూ? నువ్వూ సర్దుకో" అన్న పాఠమే పిల్లకి మిగులుతుంది.

రాసిన రూలయితే కోర్టుకెళ్లొచ్చు, సవరించమనొచ్చు. రాయని రూలుకి సంతకం ఉండదు, తేదీ ఉండదు, ఎవర్నడిగినా "నేను పెట్టింది కాదండీ" అంటారు. అలాంటివి మన ఇళ్లల్లోనూ ఉన్నాయి. ఎవరు ఆఖర్న తినాలి, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు ఊరు మారాలి, ఎవరి చదువు "ఇక చాల్లే" అనిపించుకోవాలి... మీ ఇంట్లోవి ఎన్నో, తీరిగ్గా ఓ కాగితం మీద రాసి చూడండి. రాస్తేనే కదా, కొట్టెయ్యడానికి వీలుండేది!