సుర్ట్సే పటాలు – క్షణభంగవాదం

ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి ఆవల సముద్రగర్భంలో రగిలిన అగ్నిపర్వతం 1963 నవంబరులో నీటిపైకి తలెత్తి, 1967 జూన్ వరకు వెళ్లగక్కిన బూడిదతో, లావాతో సుర్ట్సే అనే ద్వీపం ఏర్పడింది. 1965లోనే దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, పరిశోధకులు తప్ప ఇతరులు అడుగుపెట్టకుండా కట్టడి చేయడంతో, మనిషి చేయి పడని నేల మారే తీరును వరుసగా పటాలకెక్కించే అరుదైన అవకాశం శాస్త్రానికి దక్కింది. విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా, ఒకే ఎత్తున్న స్థానాలను కలిపే సమోన్నత రేఖలతో గీసిన ఈ పటాలలో ఏ రెండూ ఏకీభవించవు. అగ్నిపర్వతం చల్లారిననాడు సుమారు 2.7 చదరపు కిలోమీటర్లున్న ద్వీపం ఇప్పటికి దాదాపు సగానికి తరిగింది.

ఇవన్నీ ఒకే ద్వీపానికి చెందిన పటాలని దేని ఆధారంగా చెప్పాలి? పుట్టిన ప్రతిదీ మరుక్షణం నిలవదనే క్షణభంగవాదాన్ని సమర్థించిన ధర్మకీర్తి వంటి బౌద్ధుల దృష్టిలో, ‘అదే ఇది’ అన్న గుర్తింపు పోలిక వల్ల కలిగే భ్రమ. ఉన్నదల్లా కార్యకారణ బంధంతో సాగే క్షణాల వరుస, అంటే సంతానం. సుర్ట్సేను చూస్తే ఈ మాట కాదనడం కష్టం. దక్షిణపు లావా చరియలను అలలు విరగ్గొట్టి, ఆ రాళ్లను నునుపుదేల్చి, ద్వీపం చుట్టూ దొర్లించుకుపోయి ఉత్తరపు కొసన మేట వేస్తున్నాయి. ఒకవైపు కూలిన చరియలో కొంత మరోవైపు తీరమవుతున్నప్పుడు ఎక్కడ గీసిన అంచుగీతకైనా ఆయుష్షు తక్కువే.

శంకరాచార్యుడు బ్రహ్మసూత్ర భాష్యంలో క్షణికవాదాన్ని ఖండిస్తూ, పూర్వానుభవాన్ని తలచుకునే అనుస్మృతిని ప్రమాణంగా చూపాడు: నిన్న చూసినవాడూ నేడు తలచేవాడూ ఒక్కడే కాకపోతే స్మరణ కుదరదు. తరుగుదల తెలియాలంటే తరగని ఆధారం ఒకటి ఉండాలన్నంతవరకు ఈ వాదం అభేద్యమనే చెప్పాలి. పైగా ద్వీపమే కొంత కుంగింది కనుక, కొలతకు ఆ ఆధారాన్ని దాని వెలుపలే వెతకవలసివచ్చింది. అయితే 1960ల నాటి ఛాయాచిత్రాలు తీసినవారు వేరు, నేడు కొలిచేవారు వేరు. ఆ రెండు చూపులనూ కలుపుతున్నది ఒక్క ద్రష్ట కాదు, తరం నుంచి తరానికి అందుతూ వచ్చిన కొలమానం. పటాల వరుసను కలిపే ఆ ఏకత్వం కూడా చైతన్యానిదేనని నిరూపించాలంటే, అద్వైతికి అనుస్మృతి కాక మరో హేతువు అవసరమవుతుంది.