ముసాఫిర్‌ఖానాలో మొదటి దర్జా

మా ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూలో ఒక్కడున్నా 'హమ్' అంటాం. 'నేను' అనాల్సిన చోట 'మేం' అంటాం. తెలుగు మిత్రులు కొందరు దీన్ని నవాబుల దర్పం అనుకుంటారు. గట్టులో పుట్టిన మాకు నవాబీ ఎక్కడిది? ఒక్కడి వెనక ఇల్లంతా, గల్లీ అంతా ఉన్నదనే ధైర్యమే ఆ మాట. ఆ 'హమ్' ఒకరోజు ఒక అద్దాల తలుపు దగ్గర మా నోట్లోంచి జారిపోయింది. అది చెప్పుకోవాలి.

గల్ఫుకు పోయే విమానం కోసం ఎయిర్‌పోర్టులో ఉన్నాం. ఏ ఎయిర్‌పోర్టు అని అడగొద్దు, అన్నింట్లోనూ అదే తంతు. అక్కడొక సభవాళ్లు పిలిచి మొదటి తరగతి టిక్కెట్టు పంపారు. మేం మాట్లాడాల్సింది పేద ముస్లిం పిల్లల చదువు గురించి. అదే విమానానికి మా ఖాలా కొడుకు కూడా వచ్చాడు. వాడిదీ గట్టే. నడిగడ్డ పిల్లవాడు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ నెర్రెలిచ్చిన చేను. సీడు పత్తిలో క్రాసింగ్ పనికిపోయి బడి పోగొట్టుకున్న పిల్లల్లో వాడొకడు. ఇప్పుడు పరాయి దేశంలో పరాయి ఇళ్లకు ఏసీలు బిగిస్తాడు. రెండేండ్లకోసారి వచ్చి తల్లి మొహం చూసిపోతాడు.

మొదటి తరగతి వాళ్ల లౌంజి ముందు ఇద్దరం ఆగాం. కౌంటరు దగ్గరి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఈ టిక్కెట్టు మీద ఒక్కరికే ప్రవేశం అని. మేం ఏదో అనబోయేలోపే వాడు వెనక్కి జరిగాడు. "ఆప్ జాకే ఆవ్ భయ్యా, మై ఇధరిచ్ బైఠ్‌తౌఁ" అన్నాడు. "మై అభీ ఆతౌఁ" అన్నాం. చూశారా, 'హమ్' పోయి 'మై' వచ్చింది. పది నిమిషాల్లో వస్తామన్న మనిషిమి గంటన్నర కూర్చున్నాం.

లోపల ఏముంది? మెత్తని కుర్చీలు, అడగకముందే వచ్చే చాయ్, వేడివేడి తిండి, స్నానాల గదిలో మడతపెట్టిన తెల్ల తువ్వాళ్లు. బయటి గోల లోపలికి రాదు. ఇవన్నీ ఒక ఎత్తు. మా టిక్కెట్టు మీద పేరు చదివి కూడా మమ్మల్ని 'సార్' అన్నారు, అదొక్కటీ ఒక ఎత్తు. మా పేరు చెప్పగానే ఇల్లు అద్దెకు లేదన్న వీధులు తిరిగి వచ్చినవాళ్లం. తనిఖీ వరసలో మా పేరు దగ్గర పెన్ను ఒక క్షణం ఎక్కువసేపు ఆగడం మాకు అలవాటే. అట్లాంటి మాకు ఆ 'సార్' ఎంత తీపిగా ఉంటుందో ఆ పెన్ను కింద నిలబడనివాళ్లకు తెలియదు.

అందుకే ఈ లౌంజిని ఊరికే తిట్టిపోయడం మాకు చేతకాదు. తప్పేముంది అని అడిగే మిత్రుల వాదన మాకు తెలుసు. డబ్బు కట్టినవాడు సుఖపడతాడు. ఆ తలుపు కులం అడగదు, మతం అడగదు, టిక్కెట్టే అడుగుతుంది. ఊరి హోటల్లో రెండు గ్లాసులు పెట్టినవాళ్ల కంటే ఇది నయం కాదా? దళితుడూ సాయిబూ డబ్బుంటే దర్జాగా లోపలికి పోవచ్చు కదా?

ఈ వాదనలో కొంత నిజముంది. ఎంతవరకు నిజమో చరిత్ర చెబుతుంది. 1893లో గాంధీ మొదటి తరగతి టిక్కెట్టుతోనే రైలెక్కాడు. ఆ ప్రయాణం దాదా అబ్దుల్లా అనే ముస్లిం వ్యాపారి కేసు కోసం. పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్లో ఆయన్ను దించేశారు. టిక్కెట్టు జేబులోనే ఉంది, రంగు దాన్ని చెల్లకుండా చేసింది. 1901లో చిన్న పిల్లవాడైన అంబేద్కర్ తన వాళ్లతో మసూర్ స్టేషన్లో దిగాడు. మంచి బట్టలేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దయగా మాట్లాడాడు. మహర్లని తెలియగానే ఆ దయ ఎగిరిపోయింది. బట్టలూ టిక్కెట్టూ తెచ్చే ఇజ్జత్ అరువు సొమ్ము. ఇచ్చినవాడు ఏ గడియలోనైనా వెనక్కి తీసుకుంటాడు. మమ్మల్ని 'సార్' అన్న మర్యాద మా టిక్కెట్టుకు దక్కింది. అదే పేరు, అదే రక్తం ఉన్న మా తమ్ముడు బయట కూర్చుని ఉన్నాడన్నదే అందుకు రుజువు.

ఈ గదులు పుట్టిందే ఏరివేత కోసం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1939లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో తెరిచిన అడ్మిరల్స్ క్లబ్బు ఇట్లాంటి వాటికి మొదటిదంటారు. మొదట్లో కంపెనీ పిలిచినవాళ్లకే అందులో చోటు. మన దేశంలో 1974లో రైళ్లలో మూడో తరగతి పేరు తీసేశారు. పేరు పోయినా నిలబడి పోయేవాళ్లు పోలేదు. పాలమూరు లేబరు బొంబాయికి ఎట్లా పోయిందో గద్వాల స్టేషన్ ప్లాట్‌ఫారాన్ని అడగండి. కింద గుడ్డ పరుచుకుని పడుకునేవాళ్లున్నంత కాలం సోఫాకు ఆ విలువ ఉంటుంది. అందరికీ వెన్ను ఆనించే కుర్చీ, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి దొరికితే లౌంజిలో అమ్మడానికి మిగిలేది చాలా తక్కువ.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాం. ఇతరుల్ని అడిగే ముందు మమ్మల్ని మేం అడగాలి. నమాజు వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడతామని, హజ్‌లో ఎహ్రాం కట్టుకుంటే బాద్షా ఎవరో ఫకీరు ఎవరో తెలియదని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోదగ్గదే. ఒకప్పటి హైదరాబాద్ రాజ్యం నుంచి పోయే హాజీల కోసం మక్కాలో రుబాత్ ఉంది. నిజాం కాలం నాటి వక్ఫు. అందులో బసకు కిరాయి లేదు. చోటు ఎవరికన్నది ఖుర్రాతో, అంటే చీటీ తీసి తేల్చే పద్ధతి నడిచింది. గట్టు ముసలమ్మకూ హైదరాబాద్ సేటుకూ ఒకే డబ్బాలో చీటీ. ముసాఫిర్‌ఖానా అంటే మా పెద్దలకు తెలిసిన అర్థం ఇది.

కానీ అదే హజ్‌కు మన దేశంలో వీఐపీ కోటా నడిచిన సంగతి మేం మరిచిపోతాం. రాష్ట్రపతి నుంచి హజ్ కమిటీ దాకా పెద్దల చేతిలో 500 సీట్లు ఉండేవి. 2023 జనవరిలో దాన్ని ఎత్తేస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం ప్రకటించేదాకా మాలో ఎంతమందిమి నోరెత్తాం? దేవుడి ఇంటికి పోయే దారిలోనూ లౌంజి కట్టుకున్నాం. సయ్యద్, షేక్ అని మురిసేవాళ్లం దూదేకుల ఇంటికి, ఫకీరు ఇంటికి పిల్లనిస్తున్నామా? మసీదులో కలిసిన భుజాలు షాదీ మాటలప్పుడు ఎందుకు విడిపోతాయి? 1934లో నిజాం ఏలుబడిలోని దౌలతాబాద్ కోటకు వచ్చిన అంబేద్కర్ బృందం అక్కడి హౌజులో కాళ్లూ మొహం కడుక్కుంటే, నీళ్లు మైలపడ్డాయని తిట్టినవాళ్లు ముస్లింలే. అంబేద్కర్ స్వయంగా రాసిపెట్టాడు. ఆ తిట్టు మా ఖాతాలో ఇంకా ఉంది.

ఇది మతానికి సంబంధించిన లెక్క మాత్రమే అని సెక్యులర్ మిత్రులు పక్కకు జరగనక్కర్లేదు. సమానత్వం మీద ఉపన్యాసానికి ఏసీ కారులో వచ్చి, డ్రైవరు తిన్నాడా లేదా అడగకుండా పోయే సభలు మేం చాలా చూశాం. వార్త రాశాం కూడా.

మరి మేం ఏం చేయాల్సింది? సుఖం హరామ్ అని మేం అనడం లేదు. ముసలివాళ్లకు, రోగులకు, బాలింతలకు మెత్తని చోటు ముందు దక్కాలి. అది అవసరాన్ని బట్టి వచ్చే హక్కు. ఒళ్లలిసినవాడు ఒక గంట నడుం వాల్చినా తప్పులేదు. ఆ రోజు మా ఇద్దరిలో ఒళ్లలిసింది మాకు కాదు. ముందు రాత్రి గట్టు నుంచి బస్సులు మారి, నిద్ర లేకుండా వచ్చినవాడు వాడు. లౌంజి నియమం మేం మార్చలేకపోవచ్చు. వాడి పక్కన బయట కూర్చోవడానికి ఏ నియమమూ అడ్డు రాలేదు. అయినా మేం కూర్చోలేదు. మా తప్పు అక్కడుంది.

గంటన్నర తర్వాత బయటికొచ్చాం. గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. కుర్చీలు చాలక చాలామంది నేల మీదే కూర్చున్నారు. మా తమ్ముడు ఒక కుర్చీలో ఉన్నాడు. పక్క కుర్చీ మీద వాడి గళ్ల తువ్వాల పరిచి ఉంది. గట్టు బస్సులో కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపినట్టు, గంటన్నర సేపు నలుగురితో మాటపడి, మాకోసం ఆపి ఉంచాడు.

"బైఠో భయ్యా" అని తువ్వాల తీశాడు.