దయ ఎవరి చేలో మేస్తోంది?

పులివెందులలో పులులు లేవు. ఒకప్పుడు మందలుగా తిరిగేవి కాబట్టి ఆ చోటును పులిమందల అన్నారనీ, అదే నోళ్ళలో నలిగి నలిగి పులివెందుల అయిందనీ మా వైపు పెద్దలు చెబుతారు. పేరు మిగిలింది, పేరు తెచ్చిపెట్టిన జీవి పోయింది. ఊళ్ళకే కాదు, మాటలకూ ఇదే గతి. వేట అనే మాటనే చూడండి. కోస్తా వాళ్ళు కొట్లో తూకం వేయించుకుని తెచ్చుకున్న మేకమాంసాన్ని కూడా వేటమాంసం అనే అంటారు. అడవి లేదు, బాణం లేదు, పరుగు లేదు. వేట మాత్రం సంచిలో ఇంటికొస్తుంది!

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మా అమ్మాయి ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగింది. "అమ్మా, మీ జేజినాయన జింకల్ని చంపేవాడట కదా! అంత క్రూరుడా ఆయన?"

కాదని వెంటనే చెప్పాను. మనవరాలిని కదా, అలాగే చెబుతాను. కానీ ఎందుకు కాదో చెప్పమంటే మాత్రం కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

జేజినాయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. సంక్రాంతి వెళ్ళి, శనగ ఇంటికి చేరి, చేలు ఖాళీ అయ్యాక ఉగాది దాకా పల్లెకు తీరుబడి. ఆ తీరుబడిలోనే వేట. వలలు, ఈటెలు, కుక్కలు, ఊరికి ఒకటో రెండో నాటు తుపాకులు. మా జేజి చెప్పేది కదా, మగవాళ్ళంతా చీకటితోనే ఎర్రమల గుట్టల వైపు వెళ్ళేవాళ్ళట. కుందేలు దొరికితే కుందేలు, అడవిపంది దొరికితే పంది, కాలం కలిసొస్తే జింక. తెచ్చినదానికి వాటాలుండేవి. మొదటి దెబ్బ కొట్టినవాడికి ఒకటి, కుక్కలు తెచ్చినవాడికి ఒకటి, వేటకు రాలేని ముసలమ్మల ఇళ్ళకు కూడా ఒకటి. సూడి జింకను కొట్టకూడదని కట్టుబాటు. కొడితే ఇంట్లో కాన్పులు కష్టమవుతాయని భయం. భయమో, భక్తో, లోకజ్ఞానమో, ఏదైతేనేం, తల్లి జింక బతికేది.

ఇక ఆడవాళ్ళ సంగతి. వేట మగవాళ్ళ సరదా, అర్ధరాత్రి పూట మసాలా నూరడం ఆడవాళ్ళ పని. జేజి అన్నీ నూరేది, వండేది, అందరికీ వడ్డించేది. తను మాత్రం జింక కూర ముట్టేది కాదట. ఎందుకు జేజీ అంటే, "కోసేటప్పుడు దాని కండ్లు సూసినా నాయనా" అనేది. ఆ పూట సంగటిలోకి ఆమెకు ఊరుబిండే గతి. ఎవరినీ మానమనలేదు, మొగుణ్ణి తప్పుపట్టలేదు, తనకు తనే ఒక పూట కూర మానేసింది. అప్పట్లో ఆమె చేతిలో ఉన్నది అంతే.

ఆడవాళ్ళకు వేటతో సంబంధం లేదనుకునేరు సుమా! రామాయణంలో బంగారు లేడిని అడిగింది సీతమ్మే కదా. ప్రాణంతో దొరికితే ముచ్చటగా పెంచుకుందామంది, చచ్చి దొరికితే ఆ బంగారు తోలు మీద కూర్చోవాలని ఉందంది. వాల్మీకి దాచకుండా ఆ రెండు కోరికలూ ఆమె నోటే చెప్పించాడు. బంగారు కొట్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన మాబోటి వాళ్ళకు సీతమ్మను తప్పుపట్టే అర్హత ఎక్కడిది? అందం ముద్దొచ్చినప్పుడు పెంచుకోవాలనీ అనిపిస్తుంది, వొలుచుకోవాలనీ అనిపిస్తుంది.

మా నాయన తరం వచ్చేసరికి కథ మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి జాబితాలో చేర్చారు. ఇప్పుడు దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మా నాయన బడిపంతులు. నడవలో జేజినాయన చొక్కా తగిలించుకునే జింక కొమ్ముల్ని ఒకరోజు గోడమీంచి దించి, గుడ్డలో చుట్టుకుని వెళ్ళి అటవీశాఖ వాళ్ళకు ఇచ్చేసి వచ్చాడు. ఆ రాత్రి తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదట. "జైలుకు భయపడినావా, జింకను సూసి జాలిపడినావా?" అని మర్నాడు జేజినాయన అడిగాడట. నాయన జవాబు చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదేమో. చట్టం వచ్చాక మనసు మారుతుందో, మనసు మారాకే చట్టం వస్తుందో చెప్పడం అంత సులభం కాదు.

ఇక నాలుగో తరం, మా అమ్మాయి. సెల్‌ఫోన్‌లో జింకపిల్ల బొమ్మ కనిపిస్తే దానికి కళ్ళు చెమరుస్తాయి. మంచిదే. అదే వేళకు పళ్ళెంలో కోడి బిర్యానీ ఉంటుంది. ఆ కోడి కళ్ళను అది చూడలేదు. ఎక్కడో రేకుల షెడ్డులో కొన్ని వారాలు బతికి, లారీ ఎక్కి వచ్చిన కోడి అది. జేజినాయన తాను తినే ప్రాణి వెంట పరుగెత్తాడు, దాని రక్తం తన చేతికి అంటించుకున్నాడు. మనం చేతులు శుభ్రంగా ఉంచుకుని ఆ పని ఇంకొకరికి అప్పగించాం. మన దయ పెరిగిందా, లేక దూరం పెరిగిందా? ఇది దెప్పిపొడుపు కాదు, నాకు నేనుగా తేల్చుకోవాలనుకుంటున్న సంగతి.

పాతవాళ్ళు వట్టి వేటగాళ్ళు, మనం వట్టి దయామయులం అనుకుంటే లెక్క తప్పుతుంది. మా కమలాపురం పక్కన కోకటం అని ఒక ఊరుంది. రాయలవారు అల్లసాని పెద్దనకు అగ్రహారంగా ఇచ్చిన ఊరని పేరు. ఆ పెద్దన మను చరిత్రలో స్వరోచి వేటను చూసినట్టే వర్ణించాడు. కానీ ఆ కథలో ఒక చోట లేడి నోరు విప్పి మనిషితో మాట్లాడుతుంది. అది వనదేవత అని తేలుతుంది. ఆమె కడుపున పుట్టినవాడే ఆ కావ్యానికి పేరు తెచ్చిన మనువు. వేట పుట్టించిన కావ్యమే వేటకు గురయ్యేదానికి గొంతు కూడా ఇచ్చింది.

దేవుళ్ళ సంగతీ అంతే. ప్రొద్దుటూరుకు ఉత్తరాన, నల్లమలలో అహోబిలం ఉంది. కనుమ నాడు అక్కడ పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీలో ముప్పైకి పైగా పల్లెలు తిరిగి, నలభై రోజులు దాటాక గానీ గుడికి చేరడు. పేరుకు వేట, జరిగేది పెళ్ళిపిలుపు. వేటగాళ్ళైన చెంచుల ఇంటి పిల్ల చెంచులక్ష్మిని చేసుకుంటున్నాను, అందరూ రండని పిలవడానికి బయల్దేరతాడట స్వామి. చెంచులు పల్లకీ ముందు బాణాలు వేసి తమ అల్లుడికి మర్యాద చేస్తారు. ఒక్క ప్రాణి చావదు. పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర పాపఘ్ని ఒడ్డున గండిలో ఇంకో ముచ్చట. లంక నుంచి తిరిగొస్తూ రాముడు బాణపు మొనతో రాతి మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడని అక్కడి నమ్మకం. చంపే పనిముట్టుతో బొమ్మ గీయవచ్చునని మన జనం ఏనాడో ఊహించుకున్నారు. చట్టం రాకముందే వేటను పండగగా మార్చుకునే తెలివి మనకుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? చేలో ఉంది.

కుందూ ఒడ్డున నల్లరేగడి చేలున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తుతారు. మొలక నేలమీద నాలుగు వేళ్ళెత్తు లేచిందో లేదో, తెల్లారగట్ల కృష్ణజింకల మందలు దిగుతాయి. మొలక తిన్నంత తింటాయి, తిననిది తొక్కుతాయి. వాటిని అదుపులో ఉంచే మృగం ఇప్పుడు మైదానంలో లేదు. కృష్ణజింకను తరమగలిగిన చిరుత జాతి, అదే చీతా, మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. పులిమందలలో పులి లేదని మొదట్లో చెప్పానే, ఆ లోటు తీర్చాల్సింది ఇప్పుడు శనగచేను.

కిందటేడు రాజుపాళెం వైపు వెళ్ళినప్పుడు, ఒక చేను గట్టున మంచె కింద కూర్చున్న ఆడమనిషితో మాటలు కలిశాయి. జింకలు బలే అందంగా ఉంటాయి కదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అందమైనవే అక్కా. మీ ఊరికి తోలకపోండి, సాక్కుందురు" అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. రాత్రంతా భార్యాభర్తలు వంతులేసుకుని డబ్బాలు వాయిస్తారట. పిల్లోడికి జ్వరమొచ్చినా ఒకరు చేలో ఉండాల్సిందే. "కొడితే కేసు, కొట్టకుంటే అప్పు. యాడికి పోవాల మేము?" అంది.

ఆమె చేను చుట్టూ చీరలు కట్టి ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, పూలవి. అడవి జంతువులు బెదురుతాయని మా వైపు రైతులు పాత చీరలు కొని కంచెలాగా కడతారు. మనం స్టీలు గిన్నె కోసం బేరమాడి ఇచ్చేసిన చీరలు చివరికి ఎక్కడికి చేరతాయో ఆనాడు చూశాను. చీరలకు కూడా బెదరకపోతే కొందరు తెగించి రాత్రిపూట కరెంటు తీగ లాగుతారు. ఆ తీగకు జింకా తెలియదు, మనిషీ తెలియదు. అలా తెల్లారేసరికి పక్కచేను రైతు శవమై దొరికిన సంగతులు పేపర్లలో మనం చదువుతూనే ఉన్నాం.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. చాలా సంతోషం. రాష్ట్ర జంతువంటే రాష్ట్రమంతటికీ చెందింది కదా, మరి మేత ఒక్క చేనిదేనా? నా చిక్కంతా ఇక్కడే. జింక బతకాలన్నది మనం. దానికి అన్నం పెడుతున్నది ఆమె. ఆమెను మనం అడగనూ లేదు, ఆమెకు మనం దణ్ణం పెట్టనూ లేదు. పంటనష్టానికి ప్రభుత్వం పరిహారం ఇచ్చే పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ అర్జీ పెట్టి, అధికారి వచ్చి చూసి, కాగితం కదిలేలోపు విత్తే అదను దాటిపోతుంది.

దయకు ఖర్చు పెట్టే మనుషులు లోకంలో లేకపోలేదు. రాజస్థాన్‌లో బిష్ణోయీలున్నారు. వాళ్ళూ రైతులే, వాళ్ళ చేలల్లోనూ జింకలు మేస్తాయి. తల్లిలేని జింకపిల్లకు బిడ్డతో సమానంగా చనుబాలిచ్చిన ఆడవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 1730లో ఖేజడ్లీ అనే ఊళ్ళో చెట్లు కొట్టవద్దని వాటిని కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చారు. ముందు నిలబడింది అమృతాదేవి అనే ఇల్లాలు. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల్ని వేటాడిన కేసులో పెద్ద హిందీ సినిమా నటుణ్ణి కోర్టుకీడ్చిందీ, ఏళ్ళ తరబడి పట్టు వదలనిదీ వాళ్ళే. 2018లో కింది కోర్టు అతనికి అయిదేళ్ళ శిక్ష వేసింది. వాళ్ళకు ఆ మాటనే హక్కుంది, ఎందుకంటే జింక తిన్న గింజ వాళ్ళ గాదెలోది.

అంచేత మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. మీ ముత్తాత క్రూరుడు కాదు. ఆయన కాలానికి జింకలూ ఎక్కువే, ఆకలీ ఎక్కువే. అయినా వేట మళ్ళీ రావాలని నేననను. ప్రాణం తీయకుండా బతకగలిగినప్పుడు తీయకపోవడమే మంచిది, ఆ మేరకు మనం ఒక మెట్టు ఎక్కాం. కానీ చంపకపోవడం ఒక్కటే దయ అయితే, అది చాలా చవక దయ. జేజి తన పూట కూర మానుకుంది. బిష్ణోయీ ఇల్లాలు తన పాలిచ్చింది. మనం ఏమిచ్చాం?

"ఏమివ్వాలి మరి?" అంది మా అమ్మాయి.

చెప్పాను. ఇంటిపన్ను కట్టినట్టే జింకపన్ను ఒకటి మనలాంటి పట్నాల వాళ్ళ దగ్గర వసూలు చేసి, మొలక పోయిన వారంలోపు రైతు చేతిలో విత్తనం పెట్టవచ్చు. కుందూ ఒడ్డున నాలుగు బీళ్ళు కౌలుకు తీసుకుని గడ్డి పెంచవచ్చు. నేను పెద్ద లెక్కలు తెలిసినదాన్ని కాను, ఇంతకంటే మంచి ఉపాయాలు తెలిసినవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెబితే వినడానికీ, నా వంతు ఇవ్వడానికీ నేను సిద్ధం.

మా అమ్మాయి కాసేపు ఊరుకుంది. "నెలకెంత అవుతుందంటావు?" అని అడిగింది. జింకపిల్ల బొమ్మ చూసి కళ్ళు తడిచేసుకున్నప్పటి కంటే ఆ మాట అడిగినప్పుడే నాకు అది ఎక్కువ ముద్దొచ్చింది.