గెలిచినవాడి రాత

జరిగి ముప్పై ఏళ్లయిన సంగతిని, ఫలితం తెలిశాక, ఆనాటి తేదీ కిందనే రాసిపెడితే అది అబద్ధమవుతుందా?

ఫ్రాంకుల రాజ్యపు సరిహద్దున బవేరియాను ఏలిన డ్యూకు మూడవ టాసిలో కథలో ఈ ప్రశ్న ఎదురవుతుంది. క్రీ.శ. 788లో మేనమామ కొడుకైన షార్లమేన్ అతన్ని ఇంగెల్‌హైమ్ సభలో విచారించి, పదవి తీసివేశాడు. 763లో ఫ్రాంకుల సైన్యాన్ని విడిచిపోయాడని పాతికేళ్లనాటి నేరం కూడా మోపారు. మరణశిక్ష విధించి, దాన్ని మఠవాసంగా మార్చారు.

ఫ్రాంకుల రాజవార్షికాలనే లాటిన్ గ్రంథం, టాసిలో 757లోనే రాజుకు సామంతుడిగా ప్రమాణం చేశాడంటుంది. అయితే ఆ భాగాన్ని కూర్చింది అతని పతనం నాటి రోజుల్లోనని పండితుల అంచనా. అందుకే ఆ ప్రమాణాన్ని పలువురు శంకిస్తారు.

లేఖకుడు నమ్మే రాసి ఉండవచ్చు. ఫలితం తెలిశాక పాత లక్షణాలన్నీ దానికే దారితీసినట్టు కనబడటం వైద్యులమైన మాకు కొత్త కాదు. అందుకే కేసు షీటులో తరవాత చేర్చిన మాటకు చేర్చిననాటి తేదీయే వేయాలన్నది మా వృత్తిధర్మం. ఆలస్యంగా గుర్తు చేసుకోవటం తప్పు కాదు. ఆ ఆలస్యాన్ని దాచటం తప్పు. నష్టపోయేది జవాబు చెప్పుకోలేనివాడు గనుక అది చిన్న తప్పు కాదు.

టాసిలో 777లో స్థాపించిన క్రెమ్స్‌మ్యూన్‌స్టర్ మఠంలో అతని పేరూ, భార్య పేరూ చెక్కిన రాగి పానపాత్ర నేటికీ ఉంది. అది అతన్ని పరాక్రమశాలి అంటుంది. అదీ పక్షపాతపు మాటే. కాని ఆనాడు చెక్కిన మాట.