ఇహ్రామ్ వస్త్రమా, స్థితియా?

హజ్‌కు వెళ్ళేవారి కోసం మా మస్జిదులో జరిగిన ఒక శిక్షణ తరగతిలో ఒక పెద్దావిడ పరదా వెనుక నుంచి ఇలా అడిగారు: "మౌల్వీ సాబ్! మా ఆయనకు ఇహ్రామ్ కొన్నాం. మరి నా ఇహ్రామ్ ఎక్కడ దొరుకుతుంది?" కొందరు నవ్వారు. మేము నవ్వలేకపోయాము. ఆ పొరపాటు ఆమె ఒక్కరిదే కాదు. దుకాణానికి వెళ్ళి "ఒక ఇహ్రామ్ ఇవ్వండి" అని అడిగేది మనమే కదా!

ఈ పదానికి మూలం హా, రా, మీమ్ అనే మూడు అరబీ అక్షరాలు. నిషేధం, పవిత్రత అనే రెండు భావాలూ ఆ ధాతువులో కలిసే ఉన్నాయి. హరామ్, హరమ్, హుర్మత్, మహ్రమ్, ముహర్రమ్ మాసం అన్నీ ఆ కుటుంబానికి చెందినవే. నజ్ద్ ప్రాంతంలో ప్రవేశించినవాణ్ణి గురించి అరబ్బులు 'అన్‌జద' అంటారు. తిహామాలో ప్రవేశిస్తే 'అత్‌హమ' అంటారు. అలాగే 'అహ్రమ' అంటే పవిత్ర నిషేధాల పరిధిలో ప్రవేశించాడని అర్థం. ఆ ప్రవేశమే ఇహ్రామ్. ఇందులో నూలుపోగు ఒక్కటీ లేదు. నమాజులోని మొదటి తక్బీరును 'తక్బీరె తహ్రీమా' అనడం కూడా ఇందుకే. అది పలకగానే అంతవరకు ధర్మసమ్మతమైన మాట్లాడటం, తినటం, తాగటం నిషిద్ధమవుతాయి. అంతమాత్రాన తలమీది టోపీని ఎవరూ తహ్రీమా అనరు.

మరి ఇహ్రామ్ దుప్పటిగా ఎలా మారింది? మన నాలుకపై ఉన్న ఉర్దూకు ఇందులో కొంత పాత్ర ఉందనిపిస్తుంది. ఉర్దూలో 'ఎహ్రామ్ బాంధ్‌నా' అంటాం, దాన్నే తెలుగులో 'ఇహ్రామ్ కట్టుకోవడం' చేశాం. కట్టుకునేది బట్టే కదా అనుకున్నాం. కాని నమాజులో 'నియ్యత్ బాంధ్‌నా' అని కూడా అంటాం. అక్కడ కట్టేది సంకల్పాన్ని.

ఇహ్రామ్‌లో ఉన్నవాడు ఏం ధరించాలని ఒక వ్యక్తి దైవప్రవక్త (స)ను అడిగినప్పుడు, ఆయన ఏం ధరించకూడదో చెప్పారు: చొక్కా, తలపాగా, పైజామా, తోలు మేజోళ్ళు, కుంకుమపువ్వు అద్దిన బట్ట. ఇవన్నీ తీసేస్తే మిగిలేవే ఆ రెండు దుప్పట్లు. తెలుపు రంగు ఉత్తమమే గాని తప్పనిసరి కాదు. స్త్రీలకైతే ప్రత్యేక వస్త్రమే లేదు. నిఖాబ్, చేతి తొడుగులు ఉండరాదు, అంతే. హిజ్రీ 10వ సంవత్సరంలో హజ్‌కు బయలుదేరిన హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) జుల్‌హులైఫా వద్ద ప్రసవించారు. ఆ స్థితిలోనే స్నానం చేసి ఇహ్రామ్‌లో ప్రవేశించమని దైవప్రవక్త (స) ఆమెను ఆదేశించారు. నమాజు చేయలేని రోజుల్లో కూడా ఆమె ముహ్రిమ్ కాగలిగారు!

అజ్ఞాన కాలంలో పవిత్రత నిజంగానే బట్టకు అంటుకొని ఉండేది. ఖురైషీయులు తమను 'హుమ్స్' అని చెప్పుకునేవారు. బయటివారు తవాఫ్ చేయాలంటే హుమ్స్‌ల బట్టలు అరువో అద్దెకో తెచ్చుకోవాలి, లేదా నగ్నంగా తిరగాలి. సొంత బట్టలతో చేస్తే వాటిని అక్కడే పారవేయాలి. అలా పడేసిన బట్టను 'లఖా' అనేవారు, ఎవరూ ముట్టేవారు కాదు. అంటే దైవగృహానికి దారి ఒక తెగవారి బట్టల మూటలోంచి పోయేది! హిజ్రీ 9లో హజ్రత్ అబూబకర్ (రజి) నాయకత్వంలో జరిగిన హజ్‌లో ఇకపై నగ్నంగా తవాఫ్ చేయరాదని ప్రకటించారు. మరుసటి ఏడు ఖురైషీయుడైనా, హబషీ అయినా కట్టినవి అవే రెండు కుట్టని బట్టలు. ఇప్పుడు మనం పదాన్ని మళ్ళీ బట్టకు కట్టేస్తే ఏమవుతుంది? ఖరీదైన ఇహ్రామ్, చవక ఇహ్రామ్ అనే మాటలు వినబడతాయి. వింటూనే ఉన్నాం కూడా.

ఇది మాటల తగవు కాదు. నాంపల్లి హజ్ హౌస్‌లో దుప్పట్లు చుట్టుకున్నంత మాత్రాన మనిషి ముహ్రిమ్ కాడు. విమానం ఆగిపోతే వాటిని విప్పి ఇంటికి వెళ్ళవచ్చు. నియ్యత్‌తో లబ్బైక్ పలికాక మాత్రం, బట్ట మార్చినా విప్పినా ఇహ్రామ్ పోదు. ఉమ్రా పూర్తి కాకుండానే చొక్కా తొడుక్కుని "ఇహ్రామ్ విప్పేశాను" అనుకునేవారు పరిహారం (ఫిద్యా) మీద పడతారు. అసలు నష్టం ఇంకొకటి. హజ్‌లో అశ్లీలం, అవిధేయత, జగడం కూడదని ఖుర్ఆన్ ఆదేశించింది. ఇహ్రామ్ అంటే దుప్పటే అనుకున్నవాడు సువాసన అంటకుండా దాన్ని ఎంతో కాపాడుకుంటాడు. మినాలో బస్సు సీటు కోసం మాత్రం తోటి హాజీని తిడతాడు. దుప్పటికి మరక లేదు గనుక తన ఇహ్రామ్ భద్రమేననుకుంటాడు. ఉపన్యాసకులు ఈ బట్టలను కఫన్‌తో పోలుస్తారు. మంచి పోలికే. కాని కఫన్‌లో ఉన్నవాడు ఎవరితోనూ పోట్లాడలేడు, మనం పోట్లాడగలం.

ఆ పెద్దావిడకు మేము ఇలా చెప్పాము: "ఖాలా! మీ బీరువాలో ఉన్న శుభ్రమైన బట్టలు చాలు. మీఖాత్ దాటకముందే నియ్యత్ చేసి లబ్బైక్ పలికితే మీరు ఇహ్రామ్‌లో ఉన్నట్లే."

"మరి ఆయన కొన్నదేమిటి?" అన్నారామె.

"రెండు తువ్వాళ్ళు, ఖాలా."