అధికారము తొలగినను అనుబంధము తొలగునా?

మన పెద్దలు మానవజీవితమును నాలుగు ఆశ్రమములుగా విభజించిరి. వీనిలో వానప్రస్థము తక్కిన మూటికంటె చిక్కైనది. గృహస్థుడు ఇంటిని మోయును. సన్న్యాసి ఇంటిని మరచును. వానప్రస్థుడో, ఇంటిభారమును విడిచియు లోకమునకు అందుబాటున నుండువాడు. వచ్చిన అతిథిని ఆదరించును, అడిగినవారికి హితము చెప్పును. ఇంటి పెత్తనము మాత్రము కొడుకుదే.

ఏండ్ల తరబడి ఒక కళాశాలలో పాఠము చెప్పి విశ్రాంతి పొందిన అధ్యాపకుని స్థితియు ఇట్టిదే. ఆ విద్యాలయముతో అతడు ఎట్టి సంబంధము కలిగియుండవలెను? పూర్తిగా తెంచుకొనుట వైరాగ్యమా? విడువక పోవుచుండుట కృతజ్ఞతయా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు.

పదవీవిరమణ జరిగిన క్రొత్తలో నేను ఉదయమే ఘంటసాలలో బస్సెక్కి కళాశాలకు పోవుచుంటిని. పని యేమియు లేదు. అయినను కాళ్ళు అటే నడిచెడివి. అధ్యాపకుల గదిలో నా పాత కుర్చీలోనే కూర్చుండెడివాడను. ఒకనాడు నా స్థానమున వచ్చిన యువకుడు శాకుంతలము నాలుగవ అంకము చెప్పుచుండగా గుమ్మమువద్ద నిలిచి వింటిని. ఒక సమాసమునకు అతడు చెప్పిన విగ్రహవాక్యము సరికాదని తోచి, లోనికి పోయి విద్యార్థుల యెదుటనే దిద్దితిని. "చిత్తము గురువుగారూ" అని అతడు చేతులు జోడించెను. ఆ తరువాత పుస్తకమునుండి తల యెత్తలేదు. పిల్లలందరు అతనివైపు గాక నావైపే చూచుచుండిరి. అప్పుడది నాకు గౌరవముగా తోచినది. ఇంటికి వచ్చుచు బస్సులో ఆలోచింపగా అది చౌర్యముగా తోచినది. నేను చెప్పినది వ్యాకరణరీత్యా సరియే. కాని అతని తరగతిని అతని కన్నులయెదుటనే అపహరించితిని.

సిగ్గుపడి పోవుట మానితిని. కొన్ని నెలలు గడచినవి. వార్షికోత్సవము జరిగినదని ఎవరో చెప్పిరి; నాకు ఆహ్వానము రాలేదు. "ఇంతకాలము సేవ చేసిన నన్ను మరచిరి గదా" అని మనస్సు కుందినది. నేను వైరాగ్యమని యనుకొన్నది వట్టి అలుకయే యని నాకప్పుడు తెలిసినది. పోవుటయందును అహంకారమే, మానుటయందును అహంకారమే!

అప్పుడు మరల ఆ నాలుగవ అంకమునే తెరచితిని. శకుంతలను అత్తవారింటికి పంపిన పిదప కణ్వమహర్షి, దాచియుంచుమని యిచ్చిన సొమ్మును సొంతదారునకు తిరిగి అప్పగించినవానివలె తన అంతరాత్మ తేటపడినదని పలుకును. ఎందరు విద్యార్థులకో ఆ మాటకు అన్వయము చెప్పితిని. నాకు నేను అన్వయించుకొనుట ఆనాడే. విద్యార్థులు, తరగతిగది, ఆ పాత కుర్చీ, అన్నియు నాయొద్ద నుంచబడిన న్యాసములే గాని నా సొత్తు కావు.

అయితే కణ్వుడు ప్రేమను తెంచుకొనెనా? లేదు. బిడ్డ వెడలునాడు ఆ తపస్వికి కంఠము గద్గదమైనది. ఈ తపోవనమును మరల ఎన్నడు చూతునని ఆమె అడుగగా, కొడుకునకు రాజ్యభారము ఒప్పగించిన పిదప భర్తతో కూడ ఇచ్చటికి వత్తువని చెప్పెను. ఈ ప్రత్యుత్తరము మిక్కిలి విచారింపదగినది. ఆశ్రమద్వారము మూయబడలేదు; భారమును దించి వచ్చువారికి అది తెరచియే యున్నది.

భారతమునందును ఇదియే కనబడును. కురుసభలో ఉన్నతాసనమున కూర్చున్ననాడు ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు తేటగా సమాధానము చెప్పలేకపోయెను. అంపశయ్యపై పడి, విల్లు చేజారిన పిదప ధర్మరాజు వచ్చి అడుగగా, శాంత్యనుశాసన పర్వములు నిండునంతటి ధర్మమును ఉపదేశించెను. ఆసనము పోయినది, మాటకు బలము వచ్చినది. అదియు అడిగినప్పుడే చెప్పెనని మరువరాదు.

ఇక మన సీమలోని ఉదాహరణమే చూడుడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870–1950) బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉండిరి. ఆ ఉద్యోగము వారి దీర్ఘజీవితమున కొన్ని యేండ్లు మాత్రమే. అయినను అక్కడ వారియొద్ద చదివిన విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు జీవితాంతము తాము వారి శిష్యులమనియే చెప్పుకొనిరి. పింగళి కాటూరి కవులు తమ 'సౌందరనందము'ను గురువునకే అంకితము చేసిరి. అనుబంధమును నిలిపినది పాఠశాలలోని కుర్చీ కాదు; అచ్చట నాటిన విద్య.

మన డెల్టాలోని కృషీవలులకు ఈ ధర్మము బాగుగ తెలియును. బెజవాడ బ్యారేజినుండి కాలువలబడి వచ్చిన కృష్ణమ్మ నీటిని ఎగువ రైతు తన మడి నిండిన పిదపయు ఆపుకొన్నచో శివారు పైరు ఎండిపోవును. నిండిన మడి క్రిందికి వదలవలెను. వదలినంత మాత్రమున ఎగువ చేనికి దిగువ చేనితో చుట్టరికము పోదు. ఆ నీరే చుట్టరికము.

ఇట్లు తెలిసిన పిదప ఆ యువకుని ఇంటికి నేనే పోయి, "నాయనా, ఆనాడు నేను తప్పు చేసితిని" అంటిని. అతడు నోట మాట రాక నిలిచెను. నా చేతివ్రాత టిప్పణముల కట్టను అతని చేతిలో పెట్టి, తప్పులున్నచో దిద్దుమంటిని. నెలదినములకు అతడు వచ్చి, ఎంతో సంకోచముతో రెండు తప్పులు చూపెను. రెండును తప్పులే! నేను ఏండ్ల తరబడి వానినే బోధించితిని. ఆనాడు కలిగిన సంతోషము ఏ సన్మానమునందును కలుగలేదు.

ఇప్పుడు పిలిచిన దినమున కళాశాలకు పోవుదును. వెనుక వరుసలో కూర్చుందును. అడిగినచో చెప్పుదును. పిలువని దినమున మా అరుగుపై, వచ్చిన పిల్లలకు శబ్దములు, ధాతువులు చెప్పుదును. ఆ విద్యాలయము వృద్ధి పొందవలెనని సంధ్యావందనానంతరము ప్రార్థించుట మాత్రము ఏ ఆహ్వానముతోను పనిలేనిది.

మా ఘంటసాల జలధీశ్వరాలయమున పార్వతీపరమేశ్వరులు ఒకే పీఠముపై వెలసియున్నారు. ఒకరు ఉన్నందున మరియొకరికి చోటు తరుగలేదు. ప్రేమ ఉన్నచోట పీఠము ఇరుకు కాదు. వెనుకటివారిని ముందటివారు, ముందటివారిని వెనుకటివారు అట్లు ఆదరించు బుద్ధిని ఆ జగన్మాతాపితరులు మన విద్యాలయములన్నింటికి ప్రసాదింతురు గాక!