‘మన’ కళాశాలలో ఎవరికి చోటు?



ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా విచారణ గృహం వరండాలో చెప్పుల జతలు పెరుగుతాయి. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపట్ల పల్లెల నుంచి తల్లిదండ్రులు మార్కుల మెమోలు పట్టుకుని వస్తారు. ఒకరికి జ్ఞానస్నాన ధ్రువపత్రం కావాలి, మరొకరికి సిఫారసు ఉత్తరం కావాలి. ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తండ్రి నన్ను మెట్ల మీదే ఆపి అడిగాడు: “ఫాదర్, మనోళ్ళ కాలేజీల మన పోరగానికే సీటు రాకపాయె. వేరేటోళ్ళంత లోపట కూసున్నరు. ఇగ అది మన కాలేజీ ఎట్లయితది?”

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతో కట్టిన భవనంలో మన పేదబిడ్డలే కనిపించకపోతే ఆ తండ్రి ఎవరికి చెప్పుకోవాలి? అయితే అదే హక్కు గురించి 1991లో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. సగం సీట్ల వరకు సొంతవారికి ఇచ్చుకోవచ్చు, మిగిలిన సగం ఇతరులకు ప్రతిభను బట్టి ఇవ్వాలి అని. బయటివారిని కొందరిని చేర్చుకున్నంత మాత్రాన సంస్థ మైనారిటీ స్వభావం పోదని 2002లో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం కూడా తేల్చింది.

న్యాయస్థానం చెప్పింది గనుక చోటిస్తున్నామా? కాదు. మన పెద్దల సంకల్పమే అది. 1953లో యేసు సభ గురువులు విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల స్థాపించినప్పుడు ఇతర మతాల దాతలు చేయి కలిపారు. అక్కడి గోగినేని హాస్టల్ పేరు ఆ ఔదార్యాన్ని ఇప్పటికీ చెబుతుంది. 1959లో బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, 1962లో విజయవాడలో మేరిస్ స్టెల్లా, 1976లో అల్వాల్‌లో లొయోలా అకాడమీ వచ్చాయి. వీటిలో హిందువుల, ముస్లిముల బిడ్డలు మన బిడ్డల పక్కనే కూర్చుని చదివారు. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటన పేదలను, కుటుంబ ఆదరణ లేనివారిని, విశ్వాసవరం లేనివారిని ప్రత్యేకంగా పట్టించుకోమని మన సంస్థలను కోరింది. ఆ తండ్రి బిడ్డ ఆ వరుసలో ముందున్నాడు. పక్క ఇంటి హిందువుల బిడ్డ కూడా ఆ వరుసలోనే ఉన్నాడు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసు గ్రంథం తెరిస్తే నాకు ఆశ్చర్యం వేసేది. ఏ ప్రశ్న ఎత్తుకున్నా ముందు ఎదుటివారి వాదాలే రాస్తాడు. తన జవాబు తర్వాతే. ఇటలీవాడైన ఆయన జర్మనీకి చెందిన అల్బెర్టు గారి వద్ద చదివాడు, పారిసులో బోధించాడు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్‌ను, ముస్లిం పండితుడు ఇబ్న్ రుష్ద్‌ను, యూదు పండితుడు మైమోనిడీస్‌ను శ్రద్ధగా చదివి, కొన్ని స్వీకరించి, కొన్ని తోసిపుచ్చాడు. తనలాంటివారి మధ్యే కూర్చుని ఉంటే తిరుసభకు అంతటి వేదపండితుడు దొరికేవాడా? ఒకే మాట మీద ఉన్న నలభైమంది ఒక గదిలో కూర్చుంటే పాఠం పూర్తవుతుంది గాని చదువు పూర్తి కాదు.

ఇంకొక సంగతి. ఆయన మితభాషి, భారీకాయుడు. తోటి విద్యార్థులు ‘మూగ ఎద్దు’ అని వెక్కిరించేవారట. ఈ ఎద్దు రంకె ఒకనాడు లోకమంతా వింటుందని అల్బెర్టు గారు అన్నారని చెబుతారు. ఆ గురువు ఆ మాట అనకపోతే?

సహోదరులారా, ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. కొన్నేళ్ళ క్రితం మా విచారణలోని ఒక తాపీ మేస్త్రీ కూతురు పట్నంలో ఒక కళాశాలలో చేరింది. ఉత్తరం నేనే రాశాను, సీటు వచ్చింది, ఊరంతా సంతోషించింది. దసరా సెలవులకు పెట్టె సర్దుకుని వచ్చిన పిల్ల మళ్ళీ వెళ్ళలేదు. తిట్టినవారు లేరు, కొట్టినవారు లేరు. “నీ మాట మంచిగుంది, మళ్ళొక్కసారి అను” అని నవ్వేవారట. భోజనశాలలో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదట. ఆ మూడు నెలల్లో నేను ఒక్కసారైనా ఫోన్ చేసి “ఎట్లున్నవు బిడ్డా” అని అడగలేదు. ఉత్తరం రాయడంతో నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఆమె జనగామలో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. కనిపిస్తే “వందనాలు ఫాదర్” అంటుంది. నేనే తల దించుకుంటాను.

పునీత యాకోబు తన లేఖ రెండవ అధ్యాయంలో మనల్ని ఇక్కడే పట్టుకుంటాడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోటు చూపి, మాసిన బట్టలవాడిని పక్కన నిలబెడితే మీరు పక్షపాతులే అంటాడు. ఆ మాట ముందు మన గుడికే వర్తిస్తుంది. తిరుసభలో దళితుల పట్ల వివక్ష ఉన్నదని భారత పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో తన విధాన పత్రంలో ఒప్పుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాకు వెలుపల ఉంచింది. మన రాష్ట్రంలో వారు బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతమే. ప్రభుత్వం తలుపు ఇరుకైన చోట మన తలుపు కూడా మూసుకుంటే ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి?

మనది రైలు ఊరు. జనరల్ బోగీ సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఘన్‌పూర్‌లో ఎక్కేవాడు “అన్నా, జెర జరుగరాదె” అని బతిమాలుతాడు. ఎలాగో లోపల పడతాడు. రఘునాథపల్లి వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి “జాగ లేదు, ఎనుక డబ్బకు పో” అని అరిచేది వాడే. ఒకనాడు మిషను బడి మనకు జరిగి చోటిచ్చింది. ఈనాడు తలుపు దగ్గర ఉన్నది మనం.

2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఎక్కువగా ‘దోస్త్’ ద్వారా ఇస్తున్నారు. కొన్ని మైనారిటీ కళాశాలలు తామే చేర్చుకుంటాయి. సీటు ఎవరిచ్చినా దోస్తీ మాత్రం పక్కన కూర్చున్నవాడే ఇవ్వాలి. పెంతెకోస్తునాడు పవిత్రాత్మ అందరి చేత ఒకే భాష మాట్లాడించలేదు. ఎవరి భాషలో వారికే అర్థమయ్యేలా చేశాడు. మన బిడ్డ తన ఘన్‌పూర్ మాటతోనే ఆ తరగతిలో నిలబడగలగాలి.

అందుకే తల్లిదండ్రులారా, ఈసారి మీ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు మార్కుల తర్వాత ఇంకొక ప్రశ్న అడగండి: “నీ పక్కన ఎవరు కూసుంటరు? ఒంటరిగా తినేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?” పండుగకు ఆ స్నేహితుణ్ణి, ఏ మతంవాడైనా, ఇంటికి పిలిచి అన్నం పెట్టండి. నా వంతు నేను చెబుతాను. ఇకమీదట ఉత్తరం రాసిన ప్రతి బిడ్డ పేరు నా జపపుస్తకంలో రాసుకుని నెలకొకసారి ఫోన్ చేస్తాను. వరండా దాకా రావడానికి జంకే తల్లి ఇంటికి నేనే వెళ్తాను.

మనకు చోటు సిద్ధం చేయడానికి ముందుగా వెళ్ళిన ప్రభువు, ఇతరులకు చోటివ్వగల మనసును మనకు అనుగ్రహించునుగాక. ఆమెన్.